మూలమును కాపాడుము, ప్రతిని దిద్దుము

గోడమీది పటములోనో, బీరువా అడుగు అరలోనో, అటకపైనున్న రేకుపెట్టెలోనో కొన్ని పాత ఫోటోలు లేని ఇల్లు మనలో అరుదు. పెండ్లిపీటలపై తలవంచుకొని కూర్చున్న జంట, ఉద్యోగవిరమణదినమున కచేరి మెట్లపై వరుసతీరిన గుమాస్తాలు, పాఠశాల ఆఖరి తరగతివారు ఉపాధ్యాయులతో కలిసి తీయించుకొన్న గ్రూపు ఫోటో, దూరదేశమునకు పోవు కుమారుడు తల్లి ప్రక్కన బిగుసుకొని నిలిచిన స్టూడియో ఫోటో: ఇవి ఆ యింటివారికి ఆస్తిపత్రములకంటె తక్కువవి కావు, అయినను ఆస్తిపత్రములయెడ చూపు శ్రద్ధలో పదవవంతైనను వీనియెడ చూపువారు కొద్దిమంది. కాగితము పసుపువన్నె తిరిగి, అంచులు చిరిగి, ముఖములు వెలిసిపోయిన పిమ్మట ఎవరో ఒకరికి హఠాత్తుగా ఆతురత కలుగును. ఆ ఆతురతలో, బాగుచేయుదమను సదుద్దేశముతోనే, కాలము చేయని అపకారమును మనుష్యులు చేయుదురు. తడిగుడ్డతో తుడిచెదరు, చిరుగునకు సెలోటేపు అంటించెదరు, ఇక చిరకాలము నిలుచునను భ్రమతో లామినేషన్ చేయించెదరు, లేదా ఎవరికో అప్పగించి, తాతగారి ముఖమునకు బదులు ఎవరిదో ఒక నునుపైన ముఖమును ఇంటికి తెచ్చుకొందురు.

ఈ అధ్యాయమున చెప్పదలచినదంతయు ఒక్క సూత్రమునుండి పుట్టినది. పాత ఫోటో అలంకారవస్తువు కాదు, సాక్ష్యము. ఒకానొక దినమున ఒకానొక మనిషిపై పడి ప్రతిఫలించిన వెలుగే కెమెరాలోనికి పోయి ఆ కాగితముపై గుర్తుగా నిలిచినది. అట్టి గుర్తు మరల దొరకదు. కావున మూలమును కాపాడవలెను, ప్రతినే దిద్దవలెను. ప్రతిని దిద్దునప్పుడైనను కాలము చేసిన గాయమును మాన్పవలెనే గాని, మనిషిని మార్పరాదు. ఓర్పు, నిగ్రహము, సత్యనిష్ఠ అను మూడు గుణములను అభ్యసింపగోరువారికి ఇంటిపట్టున దొరకు పనులలో దీనికి మించినది లేదని నా దృఢవిశ్వాసము.

ఫోటో ఏల వెలిసిపోవును

వ్యాధి తెలియక వైద్యము చేయరాదు. నలుపుతెలుపు ఫోటోలో మనకు కనబడు నలుపు, సూక్ష్మమైన వెండిరేణువుల సమూహము. 19వ శతాబ్దపు చివరి దశకములలో వ్యాప్తికి వచ్చి 20వ శతాబ్దమంతయు నిలిచిన బ్రోమైడు కాగితములందు ఆ రేణువులు జిలాటిను అను పలుచని పొరలో ఇమిడియుండును. అంతకు పూర్వము, 1850లో ఫ్రాన్సు దేశమున వెలువడిన పద్ధతి ననుసరించి, కోడిగ్రుడ్డు తెల్లసొనపొరలో ఇమిడియుండెడివి. డార్కురూములో వెలికివచ్చిన బొమ్మను స్థిరపరచు ద్రావణము హైపో. వెండిలవణములను అది కరిగించునని 1819లోనే కనుగొన్నవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెలు. స్థిరపరచిన వెనుక ఆ హైపోను నీటిలో పూర్తిగా కడిగివేయవలెను. కడుగక మిగిలినచో అందలి గంధకము వెండితో కలిసి, నల్లని రేణువులను క్రమక్రమముగా పసుపుపచ్చని సమ్మేళనముగా మార్చివేయును. ఫోటోలు వెలిసిపోవుచున్నవను ఫిర్యాదులు మిక్కుటము కాగా లండను ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1855లో ఒక విచారణసంఘమును నియమించెను. మిగిలిపోయిన హైపోయు, తేమయు, నగరవాయువునందలి గంధకమును ముఖ్యకారణములని ఆ సంఘము తేల్చెను. ఒకే స్టూడియోలో ఒకే సంవత్సరమున తీసిన రెండు ఫోటోలలో ఒకటి నిగనిగలాడుచు నిలిచి, రెండవది వెలిసిపోవుటకు తరచుగా కారణమిదియే: ఒకటి పుష్కలమైన నీటిలో కడిగినది, రెండవది నీటి ఎద్దడిలోనో తొందరలోనో కడిగినది.

ఫోటో అంచులందును, మిక్కిలి నల్లని తావులందును నీలిఛాయగల లోహపు మెరుపు కనబడినచో, తేమకును చెడుగాలికిని వెండి కొంత కరిగి పైపొరకు చేరి మరల పేరుకొన్నదని గ్రహింపవలెను. 1970, 80 దశకములనాటి రంగుల ఫోటోలలో వెండి మిగులదు, మూడు వర్ణముల రంజకద్రవ్యములు మాత్రమే ఉండును. వానిలో నీలిఛాయ గలది ఆల్బములోని చీకటిలోనే మొదట క్షీణించుటచే ఆనాటి పెండ్లి ఫోటోలు పెక్కులు ఎర్రబారి కనబడును. వెలుతురు సోకుట ఒక్కటే శత్రువని తలచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను: తేమ, వేడిమి, చెడుకాగితము, చెడుజిగురు, అశ్రద్ధగా చేసిన కడుగుట, ఇవియన్నియు చీకటిలోనే పనిచేయును.

శ్రద్ధ వహించినచో ఫోటో ఎంతకాలము నిలువగలదో తెలియుటకు మన హైదరాబాదులోనే నిదర్శనము కలదు. ఆరవ నిజాము ఆస్థానమున ఫోటోగ్రాఫరుగా నుండి, సికింద్రాబాదున స్టూడియో నడిపిన రాజా దీనదయాళు 1905లో గతించెను. ఆయన గాజుపలకల నెగెటివులు 2,800 పైచిలుకు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా ఉన్నవి. శతాబ్దము దాటినను వానినుండి స్ఫుటమైన ప్రతులను తీయుటకు వీలగుచున్నది. స్థిరపరచుటలోను దాచుటలోను చూపిన శ్రద్ధయే అందులకు కారణము.

మూలమునెడ మర్యాద

ఫోటోను చేతిలోనికి తీసికొనకముందు చేతులు కడిగి, తుడిచి, బాగుగా ఆరనీయవలెను; ముఖభాగమును వ్రేళ్లతో తాకక అంచులనే పట్టుకొనవలెను. దుమ్మును నోటితో ఊదరాదు, ఏలయన తుంపురు పడినచోట జిలాటినుపై మచ్చ నిలుచును. బొమ్మలు వేయుటకు వాడు మెత్తని క్రొత్త కుంచెతో మధ్యనుండి అంచులవైపునకు మెల్లగా త్రోసివేయవలెను. నీరు, స్పిరిటు, పెన్సిలు చెరుపు రబ్బరు, ఈ మూడును నిషిద్ధములు. చేతితో రంగులు వేసిన ఫోటోలు మన దేశమున విరివిగా కలవు. చీర అంచునకును నగలకును పెదవులకును సన్నని కుంచెతో రంగులద్దుట ఆనాటి స్టూడియోల వాడుక. తడిగుడ్డ ఒక్కసారి తగిలినచో ఆ పనితనమంతయు గుడ్డకంటుకొని వచ్చును. సెలోటేపు జిగురు కొన్నియేండ్లకు పసుపుకట్టి కాగితములోనికి ఇంకును. లామినేషన్ వేడికి కరిగి అతుకుకొన్న ప్లాస్టికును మరల విడదీయు ఉపాయము ఇంటివారికి గాని స్టూడియోవారికి గాని ఉండదు. చిరిగిన ముక్కలను అతుకక, ఒక శుభ్రమైన కాగితపు కవరులో కలిపియుంచుటయే వానికి చేయదగిన మేలు. అతుకుట ప్రతిపై చేయుదము.

మన యిండ్లలో తరచుగా సంభవించు ఆపద మరియొకటి కలదు. పటములో ఫోటో అద్దమునకు నేరుగా ఆనియుండుటచే, వానకాలపు తేమకు జిలాటిను ఉబ్బి మెత్తబడి, పిమ్మట ఆరినప్పుడు అద్దమునకు అతుకుకొనును. గతించిన పెద్దల పటములకు బొట్టుపెట్టి, పూలదండ వేసి, అగరువత్తి వెలిగించుట మన ఆచారము. ఆ తడికుంకుమయు, దండనుండి జారిన నీరును అద్దపుటంచు వెంబడి లోనికి దిగును. అట్లు అతుకుకొన్న ఫోటోను ఎన్నడును ఊడలాగరాదు. లాగినచో ముఖము అద్దముననే నిలిచి, ఉత్తకాగితము చేతికి వచ్చును. అద్దముతో కూడనే దానిని కాపీ తీయవలెను. జిగురుపుటలపై ప్లాస్టికు పొర కప్పిన ఆల్బములలోని ఫోటోలను, పండ్లసందులు శుభ్రపరచుకొను సన్నని దారమును క్రిందుగా జొనిపి మెల్లగా విడదీయ యత్నింపవచ్చును. రానిచో పుటతో సహా కాపీ తీసి విడిచిపెట్టవలెను. బూజు పట్టినదానిని మొదట నీడను గాలికి ఆరనిచ్చి, బూజు పొడిబారిన పిమ్మట ముక్కునకు గుడ్డ కట్టుకొని ఆరుబయట కుంచెతో దులుపవలెను. తడిగా నున్నప్పుడు తుడిచినచో అది జిలాటినులోనికి పులుముకొనును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇండ్లలోనికి వచ్చినట్లు వరద వచ్చినప్పుడు, తడిసిన ఆల్బములను చూచి నిరాశ చెందనక్కరలేదు. అతుకుకొన్న ఫోటోలను అట్లే ఆరనిచ్చుట పొరపాటు. ఆరకముందే చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, అవి తామై విడివడువరకు ఓపికపట్టి, ముఖము పైకుండునట్లు నీడను పరచి ఆరబెట్టవలెను. రెండు దినములలో ఈ పని సాగదని తోచినచో, నడుమ నడుమ మైనపుకాగితము పెట్టి ఫ్రిజ్జులోని గడ్డకట్టు అరలో ఉంచినచో బూజు పట్టక నిలుచును. గాజుపలకల నెగెటివులను మాత్రము అట్లు గడ్డకట్టింపరాదు. చేతితో రంగులు వేసినవానిని నీట ముంచక, తడిసినవానిని తడిసినట్లే ఆరబెట్టవలెను. జపానులో 2011 మార్చి సునామీ అనంతరము స్వచ్ఛందసేవకులు బురదలో దొరికిన ఫోటోలను లక్షలసంఖ్యలో కడిగి ఆరబెట్టి, సొంతదారులు గుర్తుపట్టి తీసికొనిపోవుటకై ప్రదర్శించిరి. ఇల్లు పోయినవారు సైతము మొదట వెదకినవానిలో ఫోటోలు ఉండెననుట మనము స్మరింపదగినది.

ప్రతి తీయు విధము

కాపీకి పూనుకొనకముందు నెగెటివు ఉన్నదేమో వెదకవలెను. స్టూడియోవారు ఫోటోతోపాటు కవరులో పెట్టియిచ్చిన నెగెటివు పెక్కిండ్లలో పారవేయబడక, పనికిరానిదను ఉపేక్షకు మాత్రము గురియై పడియుండును. ప్రింటులో లేని వివరము దానియందు ఉండును గనుక నెగెటివు దొరికినచో ప్రింటును విడిచి దానినే స్కాను చేయుట ఉత్తమము. ఎసిటేటు ఫిల్ములు పాతబడి వినెగరు వాసన కొట్టుచున్నచో అవి శిథిలమగుచున్నవని అర్థము. వానిని తక్కినవానినుండి వేరుచేసి, అన్నిటికంటె ముందు స్కాను చేయవలెను.

సమతలముగా నున్న ఫోటోకు ఫ్లాట్‌బెడ్ స్కానరు మేలు. 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల ఫోటోను అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసినచో 2400కు 3600 చుక్కల చిత్రము వచ్చును. ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు చాలును గనుక దానినుండి 8కి 12 అంగుళముల ప్రతిని నిశ్చింతగా తీయవచ్చును. పాస్‌పోర్టు సైజు ఫోటోను 1200 చొప్పునను, 35 మిల్లీమీటర్ల నెగెటివును 2400కు తక్కువ కాకుండను స్కాను చేయవలెను. స్కానరుతో వచ్చు సాఫ్టువేరులో దుమ్ము తొలగించుట, పదునుపెట్టుట, రంగులు తీర్చుట మొదలగు సౌకర్యములన్నిటిని ఆపివేయవలెను. మొదటి ప్రతి ఉన్నదున్నట్లు రావలెను. నలుపుతెలుపు ఫోటోనైనను రంగులలోనే స్కాను చేయవలెను. కారణము ముందు చెప్పెదను. టిఫ్ రూపమున దాచిన ఫైలు ఎన్నిసార్లు తెరచి భద్రపరచినను చెడదు. జేపెగ్ రూపము భద్రపరచిన ప్రతిసారి కొంత కోలుపోవును గనుక అది పంచుకొనుటకే తగును. ఫోటో వెనుకవైపును కూడ స్కాను చేయుట మరువరాదు. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిలుతో వ్రాసిన రెండు మాటలు అచ్చటనే ఉండును.

అద్దమునకు అతుకుకొన్నవానిని, వంగినవానిని, స్కానరులో పట్టని పెద్ద గ్రూపు ఫోటోలను కెమెరాతో తీయవలెను. ఫోటోకు ఇరుప్రక్కల, 45 డిగ్రీల కోణమున, సమానమైన రెండు దీపముల నుంచవలెను. ఫోటో నడుమ ఒక పెన్సిలును నిలువుగా పట్టి చూచినచో రెండు నీడలును ఒకే పొడవున, ఒకే నలుపున పడినప్పుడు వెలుగు సమముగా ఉన్నదని తెలిసికొనవచ్చును. ఫోటో ఉండవలసిన చోట చిన్న అద్దమును పరచి కెమెరాలో చూచినచో, లెన్సు ప్రతిబింబము సరిగా నడుమ కనబడుట కెమెరా సమాంతరముగా ఉన్నదనుటకు గుర్తు. అద్దములోని ఫోటోను తీయునప్పుడు కెమెరాయొక్కయు మనయొక్కయు నీడలు అందులో కనబడకుండుటకు, లెన్సుపాటి రంధ్రము చేసిన నల్లని అట్టను ముందు అడ్డుపెట్టవలెను. ఫోనుతప్ప మరేమియు లేనివారు ఎండ నేరుగా పడని వసారాలో పగటివేళ ఫోటోను నేలపై పరచి, దగ్గరకు పోక కొంత ఎత్తునుండి జూమ్ చేసి తీసినచో వంకరలు తగ్గును. పరికరము కొనుటకు ధనము సమకూరువరకు కాపీ తీయుటను వాయిదావేయుటకంటె, ఉన్న ఫోనుతో నేడే తీయుట మేలు.

మూడు పొరలలోని రహస్యము

రంగులలో స్కాను చేసిన చిత్రము ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వర్ణముల పొరలుగా కంప్యూటరులో నిలుచును. ఒక్కొక్క పొరను విడిగా నలుపుతెలుపుగా చూడవచ్చును. ఈ చిన్న సౌకర్యమునందు పునరుద్ధరణమున సగము రహస్యము ఇమిడియున్నది. పసుపువన్నె తిరిగి వెలిసిన బొమ్మ నీలికాంతిని పీల్చుకొనును. కావున ఎరుపు పొరలో దాదాపు అదృశ్యమైన ముఖము నీలపు పొరలో స్పష్టముగా నిలిచి కనబడును. పూర్వము స్టూడియోలలో ఇట్టి ఫోటోలను కాపీ తీయువారు లెన్సునకు నీలపు ఫిల్టరు తగిలించుటకు హేతువిదియే.

మరకల విషయమున న్యాయము దీనికి విరుద్ధము: మరక ఏ రంగుదో ఆ రంగు పొరలో అది కనబడదు. పలుచని కుంకుమ మరక ఎరుపు పొరలో కాగితపు వన్నెలో కలిసిపోవును. ఎర్రసిరా గీతయు అంతే. పసుపు మరక నీలపు పొరలో నల్లగా కనబడును, ఎరుపు పొరలో మాయమగును. ముత్తైదువ ఫోటోపై పసుపుకుంకుమలు రెండును పడి, ముఖము కూడ వెలిసియున్నచో, మరకపడిన తావుకు ఎరుపు పొరను, వెలిసిన తావుకు నీలపు పొరను ఎన్నుకొని రెంటిని కలుపుటయే నేర్పు. ఇట్లు చేయునప్పుడు మనము క్రొత్తగా కల్పించునది ఏమియు లేదు. కాగితమున దాగియున్నదానినే వెలికి తెచ్చుచున్నాము. మరకను బ్రష్షుతో కప్పుటకంటె ఈ పద్ధతి శ్రేష్ఠమగుట ఇందువలననే.

ఎర్రబారిన రంగుల ఫోటోకు మూడు పొరలను ఒక్కొక్కటిగా తీసికొని, ప్రతి పొరలోను మిక్కిలి నల్లని తావును, మిక్కిలి తెల్లని తావును సరిచేయవలెను. తెల్లని చొక్కాయో, పంచెయో, సున్నపుగోడయో చిత్రమున ఉన్నచో దానిని ఆధారము చేసికొనవచ్చును. తెలుపు తెల్లగా వచ్చినప్పుడు చర్మపు రంగు కూడ తనంత తాను దారికి వచ్చును.

దిద్దుబాటు, దాని హద్దు

మొదటి ఫైలును ముట్టక వేరుగా దాచి, నకలుపై పనిచేయుట మొదటి నియమము. ఫోటోషాపు 1990లో వెలువడినది. నేడు ఉచితముగా లభించు గింపు మొదలగునవియు ఈ పనికి చాలును. పరికరమేదైనను క్రమమొక్కటే: వంకర సరిచేయుట, వెలుగునీడలను సవరించుట, పిమ్మట దుమ్ముచుక్కలు, గీతలు, మడతలు, చిరుగులు, కట్టకడపట ముఖములు. దిద్దుబాటంతయు వేరొక లేయరుపై చేసినచో, మరునాడు అతి అని తోచినదానిని చెరపివేయుటకు వీలుండును. మచ్చను కప్పుటకు తీసికొను భాగము అదే ఫోటోలో, ఆ మచ్చకు సమీపమున, అదే వెలుగులో ఉన్నదై ఉండవలెను. ఫోటోలోని సన్నని గరుకును పూర్తిగా తొలగించినచో ముఖము మైనపుబొమ్మగా మారును. ఆ గరుకు వెండిరేణువులదే గనుక దానిని ఉండనీయవలెను.

ఎచ్చట ఆగవలెను? కాగితమునకు కలిగిన గాయమేది, మనిషి దేహమున ఉన్న గురుతేది అని ప్రతి చుక్కయెదుటను ప్రశ్నించుకొనవలెను. గీత, మరక, బూజు కాగితమువి. మెల్లకన్ను, ఎత్తుపన్ను, అతుకువేసిన చొక్కా, స్ఫోటకపు మచ్చలు మనిషివి. గుర్తుపట్టుట కష్టము కాదు: మనిషి ముఖముపైని మచ్చ స్టూడియో దీపపు వెలుగునీడలకు లోబడి ఒకవైపు మెరసి ఒకవైపు నీడ పట్టియుండును, వేరొక ఫోటోలోను అదే చోట కనబడును, కాగితముపైని మచ్చకు ఆ వెలుగుతో సంబంధముండదు. మన దేశమున మశూచికము చివరిసారి కనబడినది 1975లో. లోకమునుండియే తొలగినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది 1980లో. ముత్తవ్వ చెక్కిళ్లపైని గుంటలను నునుపుచేసినవాడు, ఆమె ఏ మృత్యుముఖమునుండి బయటపడి మన వంశమును నిలిపెనో ఆ చరిత్రను చెరపినవాడగును.

బొమ్మలో కొంతభాగము పూర్తిగా లేకుండపోయినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన సాహిత్యలోకము ఏనాడో సమాధానము చెప్పినది. కడపలో బ్రౌన్ దొర పండితులను చేర్చి తాళపత్రప్రతులను పోల్చి వ్రాయించిన నాటినుండి నేటివరకు, యోగ్యులైన పరిష్కర్తలు ఆకు చిల్లిపడి పద్యపాదము నశించినచోట చుక్కలు పెట్టి, గ్రంథపాతమని గుర్తించి విడిచిరి. వేరొక ప్రతిలో ఆ పాదము దొరికినచో ఎచ్చట దొరికినదో చెప్పి పూరించిరి. ఛందస్సు వచ్చును గదాయని తామే రచించి కవిపేర చెలామణి చేయలేదు. ఫోటో దిద్దువారికిని ఇదియే ధర్మము. వెనుకనున్న పరదా, నేల, చీర కుచ్చిళ్లు మొదలగునవి పోయినచో ప్రక్కభాగములతో పూరింపవచ్చును; కన్ను గాని పెదవి గాని పోయినచో, అదే మనిషి అదే వయసున తీయించుకొన్న మరియొక ఫోటో దొరికిననే పూరించి, ఆ సంగతిని వ్రాసిపెట్టవలెను; దొరకనిచో ఆ తావును మెత్తని బూడిదవన్నెలో విడిచిపెట్టవలెను.

నేడు కృత్రిమ మేధతో పనిచేయు సాధనములు ఒక్క నొక్కుతో మసకముఖమును తళతళలాడజేయుచున్నవి. అవి చేయుచున్నదేమో తెలిసికొని వాడవలెను. లెక్కకు మిక్కిలియైన ముఖములను చూచి నేర్చిన యంత్రము, ఈ మసకకు సరిపోవునట్టి ముఖమొకటి ఎట్లుండవచ్చునో ఊహించి చిత్రించును. గ్రూపు ఫోటో వెనుకవరుసలో బియ్యపుగింజంతగా కనబడు తాతగారికి అది అమర్చు కనురెప్పలు తాతగారివి కావు. నలుపుతెలుపు ఫోటోకు అది వేయు చీరరంగు కూడ అట్టి ఊహయే. గీతలను మరకలను తొలగించుటకు ఆ సాధనములను వాడుటలో దోషము లేదు. ముఖములను కల్పించుటకు వాడినచో, ఆ ప్రతిపై ఊహాచిత్రమని స్పష్టముగా వ్రాసి, మసకగానున్న నిజమైన ప్రతిని దాని ప్రక్కననే ఉంచవలెను. రాబోవు తరమువారికి రెండింటిలో ఏది సత్యమో తెలియు దారి మూసివేయరాదు.

ఈ పనిని వృత్తిగా స్వీకరింపదలచు యువకులకు ఒక మాట. పరుల ఫోటోను చేతికి తీసికొన్నప్పుడే దాని స్థితిని వారియెదుట ఫోటో తీసి చూపవలెను. ఎంతవరకు బాగుపడునో, ఏది బాగుపడదో ముందే చెప్పవలెను. మూలమును తప్పక తిరిగి యిచ్చివేయవలెను. వారి అనుమతి లేక ఒక కుటుంబపు ఫోటోను ప్రకటనకై వాడరాదు. నమ్మకమే ఈ వృత్తికి మూలధనము.

మరల ముద్రించుట, దాచుట

దిద్దిన ప్రతిని ముద్రించునప్పుడు మూలముకంటె ఎంతో పెద్దది చేయవలెనను ఆశను నిగ్రహించుకొనవలెను. పెంచినకొలది లోపములు పెరుగునే గాని వివరము పెరుగదు. పాత ఫోటోలకు మెరుపుకాగితముకంటె మ్యాట్ కాగితము శోభించును. ఇంకుజెట్‌పై ముద్రించినచో పిగ్మెంటు సిరా డై సిరాకంటె చిరకాలము నిలుచును. పటము కట్టించునప్పుడు అద్దమునకును ఫోటోకును నడుమ అట్టతో మౌంటు వేయించి ఎడముంచుట మరువరాదు. ఎండ పడు గోడను, వానకు చెమ్మగిల్లు గోడను విడిచి తగిలించవలెను. గోడమీదికి ప్రతియే ఎక్కవలెను, మూలము పెట్టెలోనికి పోవలెను. బొట్టు, దండ, ధూపము ప్రతికి చెల్లినను పెద్దలకు చెందిన గౌరవమునకు లోటు రాదు, మూలమునకు చేటు రాదు.

మూలములను ఒక్కొక్కటిగా ఆమ్లము లేని కాగితపు కవరులలో గాని, పాలిప్రొపిలీను, పాలియెస్టరు తొడుగులలో గాని ఉంచవలెను. ఘాటైన వాసనగల పీవీసీ తొడుగులు పనికిరావు. అటక వేసవిలో కాగును, నేలమీది పెట్టె వానలలో చెమ్మగిల్లును. నడియింటి గదిలో, బయటిగోడకు ఆనక, ఇనుపబీరువా నడిమి అర శ్రేష్ఠము. కలరా ఉండలను ఆ అరలో వేయరాదు. తేమ పీల్చు సిలికాజెల్ పొట్లములు వేసి అప్పుడప్పుడు మార్చినచో చాలును. ఫైళ్ల విషయమున మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒక ప్రతి వేరొక ఊర: ఈ నియమము పాటింపదగినది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కుమార్తె యింట ఒక హార్డుడిస్కు ఉన్నచో ఇచ్చట వరద వచ్చినను కుటుంబచరిత్ర మునుగదు. వాట్సాప్‌లో పంపునప్పుడు ఫోటోగా గాక డాక్యుమెంటుగా పంపవలెను. లేనిచో చిత్రము కుదించుకొనిపోయి, తరువాతివారి చేతికి దాని నీడయే చేరును.

పేర్లు

ఇంతవరకు చెప్పిన రక్షణలన్నియు కాగితమునకు, వెండికి, రంగునకు సంబంధించినవి. సాక్ష్యమునకు ప్రాణము వేరొకటి కలదు, అది పేరు. ఎవరిదో తెలియని స్ఫుటమైన ముఖముకంటె, ఎవరిదో తెలిసిన మసకముఖము మనకు ఎక్కువ చెప్పును. మన గ్రూపు ఫోటోలలో మగవారి పేర్లు అడుగున అచ్చుపడియుండును గాని స్త్రీల పేర్లు తరచు ఉండవు. ఇంటిలోని ఫోటోలలో ఎవరైనను వ్రాసినను, అమ్మమ్మ అనియో పెద్దత్త అనియో వ్రాసి ఊరకుండిరి. ఎవరికి అమ్మమ్మ? రెండు తరములు గడచినచో ఆ వ్రాత ప్రశ్నగా మిగులును. కావున పుట్టింటిపేరు, మెట్టినింటిపేరు, అసలుపేరు, ఊరు, ఉజ్జాయింపు సంవత్సరము, ఎడమనుండి కుడికి వరుస, ఇవి వ్రాయవలెను. ఫోటో వెనుక వ్రాయుటకు మెత్తని పెన్సిలు తప్ప మరేదియు తగదు. నొక్కక, అంచున వ్రాయవలెను. వెనుకవైపు ప్లాస్టికుపూతగల క్రొత్త కాగితములపై పెన్సిలు పట్టదు గనుక, కవరుపై వ్రాసి ఆ కవరులో ఫోటో నుంచవలెను.

పేర్లు సేకరించుటకును పద్ధతి కలదు. పెద్దలకు మూలమును గాక, పెద్దదిగా ముద్రించిన ప్రతిని చూపవలెను. పల్చని కాగితమును దానిపై పరచి ప్రతి తలకును ఒక అంకె వేసి, అంకెల వెంబడి పేర్లు వ్రాసికొనవలెను. వీరెవరు అని అడుగుటకంటె, ఈ ఇల్లు ఎవరిది, ఈ పెండ్లికి వంట ఎవరు చేసిరి, ఈ పిల్లవాడు ఏల ఏడ్చుచున్నాడు అని అడిగినచో జ్ఞాపకము తలుపు తీయును. వారి అనుమతితో ఆ మాటలను ఫోనులో రికార్డు చేసికొనవలెను. ఒకరు చెప్పినదానిని వేరొకరితో సరిచూచుకొని, సందేహమున్న పేరునకు సందేహచిహ్నము పెట్టవలెను. ముఖమును కల్పింపరాదను ధర్మమే పేరును కల్పింపరాదని కూడ చెప్పుచున్నది.

కాగితము చిరిగినచో ప్రతిపై అతుకవచ్చును. బొమ్మ వెలిసినచో నీలపు పొరలో వెదకవచ్చును. నీట మునిగినచో కడిగి ఆరబెట్టవచ్చును. పేరు తెలిసిన చివరి మనిషి గతించిన పిమ్మట దానిని తిరిగి తెచ్చు యంత్రము ఎచ్చటను లేదు. అందుచే ఈ అధ్యాయమునందలి పనులన్నిటిలో మొట్టమొదట చేయవలసినది చివర చెప్పుచున్నాను: స్కానరు కొనకముందే, సాఫ్టువేరు నేర్వకముందే, ఇంటిలోని ఫోటోలను తీసికొని కుటుంబమున మిక్కిలి వయసుగల వ్యక్తి చెంతకు పోయి, ప్రక్కన కూర్చుండి, పేర్లు వ్రాసికొనుడు. తక్కిన పనులన్నియు రేపటివరకు ఆగగలవు.